పాముకాటు: రైతులు తెలిసికొనవలసిన విషయములు

పైరునకు చీడ పట్టినచో ఏ మందు చల్లవలెనో రైతు విచారించి తెలిసికొనును. ఎద్దునకు జబ్బు చేసినచో పశువుల ఆసుపత్రికి తోలుకొని పోవును. కాని పొలములో తనకు పాము కరచినప్పుడు మాత్రము నేటికిని అనేకులు మొదట మంత్రగాని యింటికే పోవుచున్నారు. ఈ ఆలస్యము వలననే పెక్కు ప్రాణములు పోవుచున్నవి.

2000 మొదలు 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా సగటున ఏటికి 58 వేల మంది. వీరిలో అత్యధికులు గ్రామీణులు. ఈ మరణములలో సుమారు సగము జూను నుండి సెప్టెంబరు లోపల, అనగా నాట్లు, కలుపుతీతలు జరుగు రోజులలోనే సంభవించినవి. మరణములు హెచ్చుగా గల ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు కూడ చేరియున్నవి. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో ఒక కార్యప్రణాళికను ప్రకటించినది.

పాములు పొలములోనికి ఏల వచ్చును?

పాము మనిషిని వెదకుకొనుచు రాదు. ఎలుకను వెదకుకొనుచు వచ్చును. వెడల్పైన గట్లు, వాటిపై పెరిగిన గడ్డి, చాలకాలము కదల్చని గడ్డివాములు, పిడకల కుప్పలు, కళ్ళములో పోసిన గింజలు ఎలుకలకు ఆశ్రయము. ఎలుకలున్న చోటికి పాము చేరును. కావున ఎలుకల నిర్మూలనము పంటను కాపాడుటయే గాక మనిషిని కూడ కాపాడును. జెర్రిపోతు, నీరుకట్టె విషము లేని పాములు. జెర్రిపోతు ఎలుకలను తిని రైతునకు మేలు చేయును గనుక దానిని చంపరాదు.

నాలుగు విషసర్పములు

మన ప్రాంతములో ముఖ్యముగా నాలుగు జాతుల వలన ప్రాణాపాయము కలుగుచున్నది.

1. నాగుపాము: కాటు పడినచోట నొప్పి, వాపు కలుగును. పిమ్మట కనురెప్పలు వాలును. మ్రింగుట, ఊపిరి తీయుట కష్టమగును.

2. కట్లపాము: ఇది రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి నేలపై పండుకొన్నవారిని కరచును. కాటు నొప్పి పెట్టదు. వాపు కూడ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలుట కనిపించినచో అజీర్ణమని తలచి ఊరకుండరాదు.

3. రక్తపింజర: వరిపొలములలో, గడ్డిలో కదలక పడియుండును. కాటు పడినచోట వాపు, తీవ్రమైన నొప్పి కలుగును. రక్తము గడ్డకట్టు గుణమును కోల్పోవును. చిగుళ్ళనుండి, గాయమునుండి రక్తము కారును. మూత్రపిండములు చెడి మూత్రము తగ్గిపోవును.

4. చిన్నపింజర: మెట్ట, ఇసుక, రాతి నేలలలో ఉండును. దీని విషము కూడ రక్తమును చెరచును.

విరుగుడు మందు పనిచేయు విధము

గుఱ్ఱమునకు పాము విషమును కొద్దికొద్దిగా ఎక్కించినచో దాని రక్తములో ఆ విషమును ఎదుర్కొను పదార్థములు తయారగును. వానిని వేరుచేసి శుద్ధిచేసినదే విరుగుడు మందు. మన దేశమున తయారగు మందు పైనాలుగు పాములకును పనిచేయును. కావున ఏ పాము కరచినదో చూపుటకు దానిని చంపి తీసికొని పోనక్కరలేదు. చంపబోయి రెండవ కాటు తిన్నవారు కలరు.

ఒక సీసా మందు రక్తపింజర విషమును 6 మిల్లీగ్రాముల వరకు విరువగలదు. ఆ పాము ఒక కాటులో సగటున 60 మిల్లీగ్రాములకు పైగా విషమును ఎక్కించును. అందుచేతనే వైద్యులు మొదటనే 8 నుండి 10 సీసాలు ఎక్కింతురు. పిల్లలకు కూడ మోతాదు తగ్గింపరు. బిడ్డ చిన్నదైనను పాము వదలిన విషము చిన్నది కాదు గదా.

ఒక ముఖ్య విషయము గమనింపవలెను. ఈ మందు రక్తములో తిరుగుచున్న విషమును పట్టుకొనును గాని అప్పటికే జరిగిన నష్టమును సరిచేయజాలదు. పురుగు తినివేసిన ఆకును మనము చల్లిన మందు తిరిగి మొలిపింపజాలదు, ఇదియు నట్టిదే. పోగొట్టుకొన్న ప్రతి గంటకును మూల్యము చెల్లింపవలసి వచ్చును.

మంత్రము వలన బ్రతికిరని చెప్పుదురే అని కొందరు అడుగవచ్చును. కరచిన పాములలో పెక్కింటికి విషమే లేదు. విషసర్పము కూడ ఒక్కొక్కప్పుడు విషము వదలకయే కరచును. అట్టివారు ఏ వైద్యము లేకున్నను బ్రతుకుదురు. కీర్తి మంత్రగానికి దక్కును. నిజముగా విషమెక్కినవానిని మంత్రము కాపాడజాలదు.

కరచిన వెంటనే చేయవలసినవి

1. రోగికి ధైర్యము చెప్పి పండుకొనబెట్టవలెను. నడిపింపరాదు, పరుగెత్తింపరాదు.
2. ఉంగరములు, గాజులు, కడియములు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయవలెను.
3. కరచిన కాలు లేక చేయి కదలకుండ, ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, బద్దను ఆసరాగా పెట్టి వదులుగా కట్టవలెను.
4. 108కి ఫోను చేయవలెను. వాహనము ఆలస్యమగునట్లున్నచో మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొని పోవలెను.
5. కరచిన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను.

చేయరానివి

త్రాటితో గట్టిగా బిగించి కట్టరాదు. రక్తప్రసారము నిలిచి ఆ అవయవమే కుళ్ళిపోవచ్చును. ఎవరైన అప్పటికే కట్టియున్నచో దారిలో ఒక్కసారిగా విప్పక ఆసుపత్రిలోనే విప్పింపవలెను. గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, కాల్చరాదు. పసరులు, సారాయి త్రాగింపరాదు.

ఆసుపత్రిలో రోగి రక్తమును 2 మిల్లీలీటర్లు శుభ్రమైన గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్పక ఉంచి, తరువాత వంచి చూతురు. గడ్డకట్టక జారినచో పింజర విషము ఎక్కినదని ఎంచి మందు మొదలు పెట్టుదురు. విషలక్షణములు లేనివారికి మందు ఎక్కింపరు. ఏలయన అది కొందరికి పడకపోవచ్చును. అయినను 24 గంటలు ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుదురు. ‘ఏమియు లేదు’ అని మధ్యలో ఇంటికి రారాదు.

ముందు జాగ్రత్తలు

గట్లను సన్నముగా, గడ్డి లేకుండ ఉంచవలెను. ఎలుకల నిర్మూలనమును ఊరంతయు ఒకేసారి చేయవలెను. ఒక్క రైతు చేసినచో ప్రక్కపొలములోని ఎలుకలు వచ్చి చేరును. రాత్రివేళ నీరు పెట్టుటకో, మోటారు వేయుటకో పోవువారు టార్చిలైటు, కఱ్ఱ లేకుండ పోరాదు. బురద లేనిచోట మోకాలి వరకు వచ్చు రబ్బరు బూట్లు తొడుగవలెను. పనలు ఎత్తునప్పుడు, వామినుండి గడ్డి తీయునప్పుడు ముందుగా కఱ్ఱతో కదిలింపవలెను. నేలపై పండుకొనక మంచముపై, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపి పండుకొనవలెను. దోమలకు కట్టిన ఆ తెరయే కట్లపామును కూడ ఆపును.

తొలకరికి ముందే ప్రతి గ్రామములోను నలుగురు పెద్దలు కలిసి, తమకు దగ్గరగా ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు నిలువయున్నదో, ఊపిరి ఆడనివారికి యంత్రముతో శ్వాస ఇచ్చు ఏర్పాటు ఎక్కడ గలదో విచారించి, ఆ పేర్లను పంచాయతీ కార్యాలయము గోడపై వ్రాయింపవలెను. చదువ నేర్చినవారు ఈ వ్యాసమును తమ కూలీలకును, ఇంటి ఆడవారికిని చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. కలుపుతీతకు, కోతకు పొలములో వంగి చేయి పెట్టువారు వారే గదా.