విల్బర్‌ఫోర్స్ సినిమా ఆగిన చోట

యవ్వనస్థుల కూటంలో చూపించదగిన సినిమా ఏదైనా ఉందా అని సంఘాలవారు అడిగినప్పుడు మేము చెప్పే పేర్లలో ‘అమేజింగ్ గ్రేస్’ ఒకటి. మైకేల్ ఆప్టెడ్ దర్శకత్వంలో 2006లో వచ్చిన ఈ చిత్రం, బానిస వ్యాపారం మీద బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ చేసిన పోరాటాన్ని చూపిస్తుంది. లండను పార్లమెంటు సంగతి తిరుచానూరులో ఉన్న మనకెందుకు అనేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఆయన బిల్లు 1791లో 163–88 ఓట్లతో ఓడిపోయింది. 1796లోనైతే నాలుగే ఓట్ల తేడా. ఆ రాత్రి మద్దతుదారుల్లో కొందరు కొత్త సంగీత నాటకం చూడబోయారని చెబుతారు. (క్రికెట్ మ్యాచ్ ఉన్న సాయంత్రం మన ప్రార్థన కూటాలు ఎలా ఉంటాయో తెలిసినవారు దీనికి ఆశ్చర్యపోరు.) చివరికి 1807లో 283–16తో గెలిచింది. సినిమా అక్కడ ముగుస్తుంది. కానీ ఆ చట్టం ఆపింది వ్యాపారాన్నే. అప్పటికే దాసులుగా ఉన్నవారు దాసులుగానే మిగిలారు. వారి విడుదల చట్టం 1833లో వచ్చింది. అది నెగ్గడం ఖాయమని విన్న మూడు రోజులకు విల్బర్‌ఫోర్స్ ప్రభువునందు నిద్రించారు.

ఆ చట్టం యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. విడుదలైనవారికి ఏమీ ఇవ్వలేదు. విడుదలైన దాసుని వట్టి చేతులతో పంపవద్దనే ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయాన్ని బైబిలు చదివే ఆ దేశం దాటవేసింది.

ఇంకొకటి కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఈ చట్టం వర్తించదని అందులోనే రాశారు. అంటే మన చిత్తూరు సీమ దాని వెలుపలే ఉండిపోయింది. కోర్టులు బానిసత్వాన్ని గుర్తించకూడదనే చట్టం ఇక్కడికి 1843లో వచ్చింది. ఈలోగా మారిషస్ చెరకు తోటల్లో విడుదలైనవారి స్థానంలోకి మన దేశపు కూలీలను ఓడలెక్కించారు. కోరంగి రేవు నుండి వెళ్లిన తెలుగువారికి అక్కడ ఆ ఊరి పేరే నిలిచిపోయింది. తర్వాత నాటాల్‌కు, ఫిజీకి కూడా వెళ్లారు. ఆ ఒప్పంద కూలీ పద్ధతి లోగుట్టును 1915లో ఫిజీ వెళ్లి చూసి బయటపెట్టినవారిలో సి.ఎఫ్. ఆండ్రూస్ ఒకరు. 1917లో కూలీల సేకరణ ఆగింది.

మన ఊళ్లలో అప్పు కింద మనిషిని కట్టివేసే పద్ధతి మాత్రం నిలిచే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించినా, దాన్ని నేరంగా పట్టుకునే వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. తెలుగు నేల మీద దాన్ని కాగితం నుండి ఊళ్లలోకి తెచ్చినవారిలో ముందు చెప్పవలసిన పేరు ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. పద్మభూషణ్ ఇస్తామంటే కూడా వద్దన్న మనిషి. ఆయన మీద ఒక సినిమా వస్తే మొదటి రోజే చూస్తాము.

ఇటుక బట్టీల్లో, తోటల్లో అడ్వాన్సు తీసుకుని కదల్లేకపోయిన యానాది కుటుంబాలను మన ప్రాంతాల్లో ఈ కాలంలోనూ విడిపించవలసి వచ్చింది. గొలుసులు కనబడవు గనుక అది మనకు అప్పులాగే కనబడుతుంది. చట్టం దృష్టిలో అది అప్పు కాదు. వెట్టి కింద రాసుకున్న బాకీ రద్దయిపోతుంది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే.

సినిమాలో వృద్ధుడైన జాన్ న్యూటన్ కన్నీరు పెట్టే దృశ్యం చాలామందిని కదిలిస్తుంది. ఆయన చరిత్ర కూడా చదవాలి. 1748లో సముద్రపు తుఫానులో దేవుని వైపు తిరిగాడు. ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసల ఓడల మీదే పనిచేశాడు, కెప్టెన్‌గా కూడా. ప్రార్థన ఓడ పైభాగంలో, మనుషులు కింద గొలుసుల్లో. దానికి వ్యతిరేకంగా పుస్తకం రాసింది 1788లో. మారుమనస్సుకూ దానికీ మధ్య నలభై ఏళ్లు! మన సంఘాల్లోనూ బట్టీలున్నవారు, మామిడి తోటలున్నవారు ఉన్నారు. దశమభాగం తప్పక ఇచ్చే ఆ సహోదరుల దగ్గర అడ్వాన్సు పద్దు పుస్తకం ఎలా ఉందో కాపరులు అడగాలి. అడగడం కష్టమని మాకు తెలుసు. ఆదివారం కానుకల సంచి గుర్తొస్తుంది.

ఎవరైనా అలా చిక్కుకున్నారని తెలిస్తే తహశీల్దారుకు గానీ, ఆర్డీవోకు గానీ, కలెక్టరుకు గానీ రాతపూర్వకంగా తెలపండి. విచారణ తర్వాత ఇచ్చే విడుదల పత్రం చాలా ముఖ్యం. తక్షణ సహాయం 30,000 రూపాయల వరకు ఉంటుంది. పునరావాసం కింద పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షల రూపాయల సహాయం ఉంది. చదువురాని కుటుంబాల తరఫున ఆ అర్జీ రాయడానికి సంఘంలో డిగ్రీ చదివిన యవ్వనస్థులు ఇద్దరుంటే చాలు.