అరబ్బీ నామార్థ విచారము

మర్పల్లి యను పేరిలోని పల్లి తెలుఁగువారి కందఱకుఁ దెలిసినదే. ఆ యూరు చేరిన జిల్లాకుఁ గేంద్రమగు వికారాబాదు మాట వేఱు. సంస్కృతజ్ఞుల చెవికి వికార మనఁగా రూపభంగము. అట్టి శబ్దమును పట్టణమున కెవరు పెట్టుదురు? ఈ పేరు, 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు రాజ్యమునకుఁ బ్రధానమంత్రిగా నుండిన పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా బిరుదమునుండి వచ్చినది. అరబ్బీలో 'వకార్' అనఁగా గాంభీర్యము. ఉర్దూవా రద్దానిని 'వికార్' అనియుఁ బలుకుదురు. ఉమ్రా యనఁగాఁ బ్రభువులు. ఆబాదు మాత్రము పారసీకము. రూపభంగ మెక్కడ, ప్రభువుల గాంభీర్య మెక్కడ!

అరబ్బీ నామముల యర్థము చెవివలనఁ గాక ధాతువువలనఁ దెలియును. హ, మ, ద అను మూఁడు హల్లులు స్తుత్యర్థకములు. వానినుండి ముహమ్మదు, మహమూదు, అహమదు, హమీదు, హామిదు అను నామము లేర్పడినవి. హమీదు స్తుతింపఁదగినవాఁడు, హామిదు స్తుతించువాఁడు. దీర్ఘము చోటు మాఱినంతనే కర్మ కర్త యగుచున్నది. బడిపట్టికలో నెక్కిన రూపమే బాలునకు జీవితాంతము నిలుచును గావున నుపాధ్యాయుఁ డిచట నేమఱరాదు. నజీరు విషయమున దీర్ఘము నక్కఱకు రాదు. సాటియైనవాఁ డనియు, హెచ్చరించువాఁ డనియు నర్థమిచ్చు రెండు వేర్వేఱు నామములు అరబ్బీలో భిన్నాక్షరములతో నున్నవి. తెలుఁగు లిపిలో రెండును నొక్కటియే. ఉర్దూలో నుచ్చారణ మొక్కటియైనను వ్రాఁత భేదమును నిలుపుచున్నది.

హసను అందగాఁడు, హుస్సేను దాని యల్పార్థకరూపము, చిన్ని యందగాఁడు. పీర్ల పండుగ జరుపుకొను తెలంగాణపుఁ బల్లెలలో హిందువులును బిడ్డలకు ఉసేనయ్య, ఉసేనమ్మ యని పేళ్లు పెట్టుట కలదు. చిన్నితనమును దెలుపు రూపమునకుఁ బెద్దఱికపు 'అయ్య' చేరుట ముచ్చటైన విషయము.

అబ్దు అనఁగా దాసుఁడు. అబ్దుల్ కరీము ఉదారుఁడగు దైవమునకు దాసుఁడు. నడుమనున్న లకారము నిర్దేశార్థకమగు 'అల్' శబ్దమునకుఁ జెందినది. అబ్దుర్రహీము నం దదియే రేఫ మగును. తత్ + లీన యనుచోఁ దకారము పరవర్ణము ననుసరించి తల్లీన యగుట నెఱిఁగిన పండితుల కిది క్రొత్త గాదు. కాఁబట్టి 'అబ్దుల్' అని యంతటితో నాపి పిలుచుట వాక్యమును సగములో విడుచుట. అబ్దుల్ ఖాదరును ఖాదరని పిలుచుటయో, దాసుని విడిచి శక్తిమంతుఁడగు దైవము పేరే మనుష్యునకుఁ బెట్టుట.

గోలకొండను 1550 మొదలు 1580 వఱకు నేలిన ఇబ్రాహీము కుతుబుషాను తెలుఁగుకవులు మల్కిభరాముఁ డనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకిత మిచ్చెను. మల్క రాజవాచకమగు అరబ్బీ 'మలిక్'. ఇభరాముఁ డనుచో నేనుఁగును రాముఁడును వినఁబడుట చెవి కింపే గాని వ్యుత్పత్తి గాదు. ఇబ్రాహీము అరబ్బీ ధాతుజన్యమే కాదు. హెబ్రూ గ్రంథములలోని అబ్రాహామే యాతఁడు. దస్తగిరియందు గిరియు నట్టిదే. 1166లోఁ గాలధర్మము నొందిన అబ్దుల్ ఖాదర్ జీలానీకి 'చేయి పట్టి యాదుకొనువాఁడు' అను నర్థమునఁ బారసీకులు పెట్టిన బిరుద మది. దానఁ గొండ లేదు.

పొన్నెగంటి తెలగనార్యుని యయాతిచరిత్రము అచ్చతెలుఁగు కావ్యము. తత్సమములకుఁ జోటీయని యా కావ్యమునకుఁ గృతిపతి అమీనుఖానుఁడు. అమీను, నమ్మఁదగినవాఁడు, అరబ్బీ, ఖాను తురుష్కము.