శత్రువు బిడ్డయు బిడ్డయే

కురుక్షేత్ర సంగ్రామము ముగిసిన రాత్రి అశ్వత్థామ శిబిరమున నిదురించుచున్న ద్రౌపదీ కుమారులను సంహరించెను. అర్జునుడు అతనిని బంధించి తెచ్చినపుడు, కడుపుకోతతో కుమిలిపోవుచున్న ఆ తల్లి హంతకుని ప్రాణములు కోరలేదు. అతని తల్లి కృపి తనవలె విలపింపరాదని తలచి, విడిచిపెట్టుమనెను. పోతన భాగవతమును చదివిన ప్రతి విద్యార్థికిని ఈ ఘట్టము సుపరిచితము. శత్రువు తల్లికిని కడుపుతీపి యుండును. శత్రువు బిడ్డకును ఆకలి వేయును. ఈ చిన్న సత్యమును రాజ్యములచేత ఒప్పించుటకు ఇరువదవ శతాబ్దమున నడుము కట్టిన వనిత ఎగ్లంటైన్ జెబ్.

ఆమె 1876లో ఇంగ్లండున సంపన్న కుటుంబములో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, మార్ల్‌బరో పట్టణమందలి ప్రాథమిక పాఠశాలలో కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసెను. బోధన తనకు అలవడలేదని ఆమెయే భావించెను, ఆరోగ్యమును సహకరింపలేదు. 1913లో బాల్కను యుద్ధ బాధితుల సహాయమునకై మాసిడోనియాకు వెళ్లి, ఇల్లు వాకిళ్లు కోల్పోయిన కాందిశీకుల దైన్యమును కన్నులార చూచెను.

1918 నవంబరు 11వ తేదీన మొదటి ప్రపంచయుద్ధము నిలిచినది. ఫిరంగులు మూగవోయినవి. కాని ఓడిన దేశములపై మిత్రరాజ్యములు విధించిన నౌకా దిగ్బంధము వెంటనే తొలగలేదు. సంధి షరతులకు శత్రువు లోబడువరకు దానిని సడలింపరాదని విజేతల పంతము. జర్మనీపై ఆ నిర్బంధము 1919 జూలైలో గాని పూర్తిగా ఎత్తివేయబడలేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పాలు కరవైనవి. పసివారి ఎముకలు మెత్తబడి వంగిపోయినవి, క్షయ వ్యాపించినది. యుద్ధమెందుకు వచ్చినదో ఎరుగని శిశువులు, అది ముగిసిన పిదప దాని శిక్ష ననుభవించిరి.

ఎగ్లంటైన్ సోదరి డొరతీ బక్స్‌టన్ యుద్ధకాలమందు విదేశీ పత్రికల వార్తలను ఇంగ్లీషులోనికి తెచ్చి ప్రచురించుచుండెడిది. అందుచేత ఈ దుస్థితి అక్కచెల్లెండ్రకు ముందుగనే తెలిసినది. 1919లో ఎగ్లంటైన్ లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో, చిక్కి శల్యమైన ఆస్ట్రియా శిశువు చిత్రముతో అచ్చువేసిన కరపత్రములను పంచెను. సెన్సారు అనుమతి లేదని ప్రభుత్వము ఆమెపై నేరము మోపెను. న్యాయస్థానమున ఆమె తన వాదమును తానే వినిపించెను. చట్టప్రకారము నేరము రుజువై 5 పౌనుల జుల్మానా పడినది. ఆమె మాటలకు చలించిన ప్రభుత్వపక్ష న్యాయవాదియే ఆ 5 పౌనులను ఆమె కిచ్చెను. ఆమె ఆరంభించిన నిధికి ఆ సొమ్ము తొలి చందా ఆయెను.

1919 మే 19వ తేదీన లండను ఆల్బర్ట్ హాలులో బహిరంగసభ జరిగినది. శత్రువుల పిల్లలకు అన్నము పెట్టుమనువారిపై విసరుటకు కొందరు కుళ్లిన పండ్లు తెచ్చుకొనిరని చెప్పుదురు. వేదికపై నిలిచిన సోదరీమణుల ఆవేదన సభికులను కదిలించినది. ఆనాడే 'సేవ్ ది చిల్డ్రన్ ఫండ్' అను శిశురక్షణ నిధి ప్రారంభమైనది. ఆ సంవత్సరాంతమున పోపు 15వ బెనెడిక్ట్ కాథలిక్ చర్చిలన్నిటను మధ్య ఐరోపా బాలలకై విరాళములు సేకరింపుడని పిలుపునిచ్చెను.

అంతకంటె కఠినమైన పరీక్ష 1921లో వచ్చినది. రష్యాలో వోల్గా తీరమున ఘోర క్షామమేర్పడినది. తమ దేశమున నిరుద్యోగులు పస్తులుండగా బోల్షివిక్కుల పిల్లలకు సాయమేల అని బ్రిటనులో పలువురు ఆక్షేపించిరి. నిధి వెనుదీయలేదు. పత్రికలలో పూర్తి పుట ప్రకటనలు వేయించి, క్షామ దృశ్యములను చలనచిత్రముగా చూపించి చందాలు కూర్చినది. సరాటవ్ ప్రాంతమున వంటశాలలు నెలకొల్పి, దినమునకు సుమారు 3 లక్షల మంది పిల్లలకు భోజనము పెట్టినది. జాలి ఒక్కటియే చాలదనియు, వ్యాపారమునందువలె లెక్క, పద్ధతి, ముందుచూపు దానమునకును అవసరమనియు ఎగ్లంటైన్ విశ్వసించెను.

అయితే దాత దయ తగ్గిననాడు బిడ్డ గతి యేమి? ఈ ప్రశ్నయే ఆమెను దానము నుండి హక్కునకు నడిపించినది. 1923లో ఆమె బాలల హక్కుల ప్రకటనను రచించెను. అందున్నవి అయిదే సూత్రములు. ఆకలిగొన్న బిడ్డకు అన్నము, రోగికి చికిత్స, అనాథకు ఆశ్రయము లభింపవలెననియు, ఆపత్సమయమున మొట్టమొదట సహాయమందవలసినది బిడ్డకేననియు వాని సారాంశము. జాతి, మతము, దేశము అను భేదము పాటింపరాదని పీఠికయందే చెప్పబడినది. 1924లో జెనీవాలో నానాజాతి సమితి దాని నంగీకరించినది. నాలుగేండ్లకు, 1928 డిసెంబరులో, ఎగ్లంటైన్ ఆ నగరముననే కన్నుమూసెను.

ఈ ధర్మమును ఆచరించి చూపినవారు మన దేశమునను కలరు. రెండవ ప్రపంచయుద్ధమున సోవియట్ భూమికి తరలింపబడి, తలిదండ్రులను కోల్పోయిన వందలాది పోలెండు పిల్లలకు 1942లో నవానగర్ సంస్థానాధీశుడు జాంసాహెబ్ దిగ్విజయసింహజీ ఆశ్రయమిచ్చెను. జామ్‌నగర్ సమీపమున బాలాచడీలో వారికై నివాసములు, పాఠశాల ఏర్పడినవి. ఆయన పేరిట వార్సాలో నేడొక పాఠశాల కలదు.

1946లో ఐక్యరాజ్య సమితి యునిసెఫ్‌ను స్థాపించినది. ఓడిన దేశముల పిల్లలకును సహాయమందవలెనను షరతుతోనే మారిస్ పేట్ దాని తొలి సారథ్యమును స్వీకరించెను. 1949 నాటి నాలుగవ జెనీవా ఒడంబడిక మరి యొక అడుగు ముందునకు వేసినది. శత్రుపక్షమువారైనను 15 ఏండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కావలసిన ఆహారమును, వస్త్రములను కొన్ని షరతులకు లోబడి సాగనీయవలెనని శాసించినది. 1959లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కులను పది సూత్రములుగా ప్రకటించినది. 1989 నాటి ఒడంబడికలో యుద్ధకాలమున బాలల రక్షణకై 38వ అధికరణము చేరినది. 1919లో నేరమైనది ముప్పది యేండ్లకు న్యాయమైనది.

అయినను నేటికిని యుద్ధభూములలో రొట్టెలబండ్లు సరిహద్దులకడ నిలిచిపోవుచునే యున్నవి. పాఠశాలలపై, ఆసుపత్రులపై బాంబులు పడుచునే యున్నవి. చట్టము గ్రంథమున నున్నంత మాత్రమున బిడ్డ కడుపు నిండదు. దానిని పాటింపుమని తమ ప్రభుత్వమును నిలదీయు పౌరులు కావలెను. ఆ పౌరులు తయారగునది తరగతి గదులలోనే. చరిత్ర పాఠమున యుద్ధముల తేదీలు, సంధుల తేదీలు వల్లె వేయించు ఉపాధ్యాయుడు 1919 మే 19వ తేదీని కూడ చెప్పవలెను. గెలిచిన దేశపు ప్రజలు కొందరు, ఓడినవారి పిల్లలు ఆకలితో నుండగా తమ విజయము పూర్తి కాలేదని గుర్తించిన దినమది.