మూగజీవికి తుది మర్యాద



మన యిండ్లలో నొక పాత యలవాటు గలదు. వీథిలో నెవరి యింటనైనను మరణము సంభవించినయెడల, ఆ వాకిటి ముందుగా నడచునప్పుడు పెద్దలు గొంతు తగ్గింతురు. పిల్లలు నవ్వబోయినచో తల్లి కన్నెఱ్ఱజేయును. పోయినవారికి మన మాట వినబడదు, మన నవ్వు కనబడదు. అయినను ఆ మర్యాదను మనము తప్పము. తప్పినవానిని "వీడు మనిషి పుట్టుక పుట్టలేదా?" యని నలుగురును నిందింతురు.

ఈ మర్యాద మనుష్యులకు మాత్రమే చెల్లునా? మనకొఱకు పాటుపడి ప్రాణము విడిచిన మూగజీవికిని చెల్లునా? ఈ ప్రశ్న 2021వ సంవత్సరమున ఐర్లండు దేశమున నొక ఛాయాచిత్రము మూలముగా బయలుదేరి, గుఱ్ఱపు పందెముల లోకమునంతటిని కలచివైచెను. ఆ వృత్తాంతమును మీకు నివేదించి, అందుండి మన సంసారములకు గ్రహింపదగినదేమున్నదో విచారింపదలచితిని.

పందెములనగానే మనవారికి హైదరాబాదులోని మలకుపేట మైదానమును, పందెములు గాచి యిల్లు గుల్లచేసికొన్నవారును జ్ఞప్తికి వత్తురు. జూదము సంగతి వేఱు, దానిని నేనిప్పుడెత్తను. ఐర్లండులో గుఱ్ఱములను పెంచుట పల్లెటూళ్ల జీవనమున నొక ముఖ్యమైన వృత్తి. అక్కడ చదునైన నేలమీది పందెములేగాక, కంచెలను కందకములను దుమికించుచు మైళ్లకొలది పరుగెత్తించు పందెములును గలవు. ఇట్టివానిలో మిక్కిలి పేరుపడినది, పొరుగుననున్న ఇంగ్లండులో లివర్‌పూలు పట్టణము చెంత ఎయింట్రీలో జరుగు గ్రాండ్ నేషనల్ పందెము. నాలుగు మైళ్లకు మించిన యా పరుగులో గుఱ్ఱము 30 కంచెలు దాటవలెను.

ఈ పందెములలో గుఱ్ఱమునకు యజమానుడొకడు, దానిని తీర్చిదిద్దువాడు మఱియొకడు. యజమానుడు సొమ్మిచ్చి గుఱ్ఱమును శిక్షకుని సాలలో విడుచును. అది యేమి తినవలెను, ఎంత పరుగెత్తవలెను, పశువైద్యుని నెప్పుడు పిలువవలెను, ఏ పందెమునకు బోవలెను అను సంగతులన్నియు శిక్షకుడే చూచుకొనును. పిల్లవానిని దూరపుటూరిలో గురువుగారి యింట విడిచి వచ్చిన తల్లిదండ్రులవంటివాడు యజమానుడు. శిక్షకుని క్రింద సాయీసులుందురు. తెల్లవాఱక మునుపే లేచి సాల శుభ్రపఱచి, దాణా పెట్టి, ఒడలు తోమి, డెక్కలు పరీక్షించువారు వీరు. గుఱ్ఱము మేత ముట్టకున్నను, కాలు సరిగా మోపకున్నను ముందుగా గనిపెట్టువారును వీరే. శిక్షకుడు తన వృత్తి నడుపుటకు పందెముల పాలకసంస్థయొద్ద లైసెన్సు పొందవలెను. అది లేనివాడు పందెమునకు గుఱ్ఱమును పంపరాదు. నోరులేని ప్రాణిని వీని చేతిలో నుంచవచ్చునను నమ్మకమునకు ఆ కాగితము గుర్తు.

గార్డన్ ఎలియట్ అట్టి శిక్షకులలో నగ్రగణ్యుడు. మీత్ అను మండలములో నతని సాల యున్నది. అతడు తీర్చిన గుఱ్ఱములు మూడు పర్యాయములు గ్రాండ్ నేషనల్ గెలిచినవి: 2007లో సిల్వర్ బర్చ్, 2018లోను 2019లోను టైగర్ రోల్. ఒకే గుఱ్ఱము వరుసగా రెండేండ్లు ఆ పందెము గెలుచుట యెంతో యరుదు. అందుచే ఎలియట్ పేరు ఆ దేశమున నింటింటను వినబడుచుండెను.

టైగర్ రోల్ రెండవమాఱు గెలిచిన యా 2019లోనే ఎలియట్ సాలలో మోర్గన్ అను గుఱ్ఱము పరుగు సాధన చేయుచు గుండె యాగి మరణించెను. మోర్గన్ పెద్ద పేరు గన్న గుఱ్ఱము కాదు. దాని మరణమున శిక్షకుని దోషమున్నదని యెవరును అనలేదు. కాని 2021 ఫిబ్రవరి చివరను ఒక ఛాయాచిత్రము ఇంటర్నెట్టులో వ్యాపించెను. నేలపై బడియున్న మోర్గన్ కళేబరముమీద ఎలియట్, సవారి చేయువానివలె నటునిటు కాళ్లు వైచి కూర్చుండెను. ఒక చేతిలోని ఫోను చెవికి జేర్చి, రెండవ చేతితో ఫొటో తీయువానివైపు సైగ చేయుచుండెను.

మొదట కొందఱిది కల్పితచిత్రమనిరి. ఎలియట్ మఱునాడే అది నిజమైన చిత్రమేయని యొప్పుకొని క్షమాపణ చెప్పెను. కళేబరమును తరలించుటకు సాయపడవలెనని తాను వేచియుండగా ఫోను వచ్చెననియు, ఆలోచింపకయే దానిమీద గూర్చుంటిననియు, ఎవరో పిలువగా మాట ముగియువఱకు నాగుమని చేయి చూపితిననియు విన్నవించెను. ఈ సమాధానము నమ్మదగినదే కావచ్చును. కాని, సోదరులారా, సోదరీమణులారా, ఆ "ఆలోచింపకయే" యను మాటను కొంచెము నిలిచి చూడుడు. ఆత్మీయుడు నేలబడియుండగా వానిమీద గూర్చుండవచ్చునా యని యెవరికైన నాలోచన కావలయునా? ఆలోచింపకుండ మనము చేసినదే మన యలవాటును బయటపెట్టును.

పిమ్మట సంగతులు వడిగా నడచినవి. బ్రిటనులోని పందెముల పాలకసంస్థ, విచారణ ముగియువఱకు నతని గుఱ్ఱములు తమ దేశమున పరుగెత్తరాదని శాసించెను. ఇంగ్లండులోని చీవ్లీ పార్క్ అను సంపన్నమైన యశ్వసంస్థ, అంతవఱకు ఓటమి యెఱుగని ఎన్వాయ్ ఆలెన్ అను గుఱ్ఱముతోగూడ తన గుఱ్ఱములను అతని సాలనుండి తీసికొనిపోయెను. ఈ కలకలములోనే మఱియొక దృశ్యము బయటపడెను. 2016లో నొక రౌతు, చచ్చిపడియున్న ఆడుగుఱ్ఱముపై నెక్కి వేడుక చేయుటయు, చుట్టు నున్నవారు నవ్వుటయు నందుండెను. ఆ రౌతును గూడ సంస్థవారు శిక్షించిరి.

మార్చి 5వ తేదీన ఐర్లండు పాలకసంస్థ నియమించిన సమితి ఎలియట్ వ్యవహారమును విచారించెను. పండ్రెండు నెలలు లైసెన్సు నిలిపివేసి, అందు చివరి యాఱు నెలలను మాత్రము అమలుజరుపక యుంచెను. ఖర్చులక్రింద 15,000 యూరోలు చెల్లింపుమనెను. ఈ చిత్రమును బయటబెట్టినవారు ఎలియటుపై పగతోనే యట్లు చేసిరని సమితి తలచెను. అయినను ఆ కారణముచే నతనిని విడిచిపెట్టలేదు. అతడు బ్రతికియున్న గుఱ్ఱమును హింసించెనని నేరము మోపలేదు. పందెముల వృత్తికే తలవంపులు తెచ్చెనని తీర్పు చెప్పెను. ఎలియట్ తీర్పును శిరసావహించెను. ఆ యాఱు నెలలు డెనీస్ ఫాస్టర్ అను స్త్రీ యా సాలను నడిపెను. ఆ నెలలోనే చెల్టెన్‌హామ్ పందెములలో టైగర్ రోల్ ఆమె పేరున పరుగెత్తి గెలిచెను. సెప్టెంబరులో ఎలియట్ మరల తన పనిలో ప్రవేశించెను.

ఇంతకు గుఱ్ఱమునకు వచ్చిన నష్టమేమి యని యడుగువారు గలరు. చచ్చినదానికి బరువు తెలియునా? బ్రతికియున్న గుఱ్ఱములను కొరడాతో కొట్టి కంచెలు దుమికించుచు, చచ్చినదానిపై గూర్చున్నందులకు కంటనీరు పెట్టుట కపటముకాదా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. దుముకుడు పందెములలో గుఱ్ఱములు పడి మరణించుట నిజము. అయిదువందల కిలోల చేరువ బరువుండు ఆ జంతువునకు కాలియెముక గట్టిగా విఱిగినయెడల, తక్కిన మూడుకాళ్లపై భారము పడి వాని డెక్కలును చెడును. చాలకాలము పండుకొనియుండుటయు దానికి సాధ్యముకాదు. అందుచే పెక్కుమాఱులు వైద్యుడు దాని బాధ నచ్చటనే ముగించును. ఆ సమయమున మైదానమున చుట్టును తెరలు పట్టుదురు. అవి ప్రేక్షకుల కన్నులు గప్పుటకే యని కొందఱందురు. కావచ్చును, కాని ప్రాణము పోవు వేళ నొక చాటు కావలెనను పాత యెఱుక గూడ ఆ తెరలో నున్నది.

బ్రతికియున్న గుఱ్ఱములకు జరుగు కష్టమును తగ్గింపవలసినదే. ఆ పని మిగిలియున్నదని చెప్పి, చచ్చినదాని యెడ మర్యాద నక్కఱలేదనుట న్యాయము కాదు. ఈ రెండును ఒకే గుణమునుండి పుట్టినవి. నష్టము గుఱ్ఱమునకు గాదు సరే. దానిని ప్రతియుదయము తోమిన సాయీసున కేమి? నమ్మి యప్పగించిన యజమానున కేమి? ఆ సాలలో నింకను బ్రతికియున్న గుఱ్ఱముల మాట యేమి? నోరెత్తలేని దానియెడల, ఎవరును చూడనివేళ యజమానుడెట్లు నడచునో సాలలోని చిన్నవారందఱును కనిపెట్టియే యుందురు. వారు నేర్చుకొనునది యదియే.

గెలిచిన గుఱ్ఱములకు మర్యాదలు లేక పోలేదు. 1973, 1974, 1977 సంవత్సరములలో గ్రాండ్ నేషనల్ గెలిచిన రెడ్ రమ్, 1995లో ముప్పదియవయేట మరణింపగా, ఎయింట్రీలోని గెలుపుస్తంభము చెంతనే దానిని పూడ్చిరి. అమెరికాలో 1947లో మాన్ ఓ వార్ అను గుఱ్ఱము చనిపోయినప్పుడు పేటికలో నుంచగా జనులు గుంపులుగా వచ్చి కడసారి చూచిరి. ఇవి ప్రశంసింపదగినవే. కాని కీర్తి తెచ్చినవారికి గౌరవము చేయుట కష్టమైన పని గాదు. మోర్గన్ వంటి, పేరులేని గుఱ్ఱము ఒకనాటి యుదయమున మైదానములో కూలినప్పుడు మన మేమి చేయుదుమనునదే యసలు పరీక్ష.

ఈ విషయమున మనకు రామాయణము చక్కని త్రోవ చూపినది. జటాయువు గెలిచిన పక్షి కాదు. సీతమ్మ నెత్తుకొనిపోవుచున్న రావణు నెదిరించి, ఱెక్కలు తెగి, ఓడి నేలగూలినది. రాము డా యోడిన పక్షిని చూచి, తండ్రికి చేయునట్లు స్వహస్తములతో దహనక్రియలు జరిపెను. అప్పటి కాతడు భార్యను గోలుపోయి, ఎటు వెదకవలెనో తెలియక తల్లడిల్లుచున్నవాడు. తొందర లేనివాడు గాడు. అయినను ఆ పక్షికి చేయవలసినది చేసిన పిమ్మటనే ముందునకు కదలెను. మన లేపాక్షికి ఆ పేరు వచ్చుటకు జటాయువుతో రాముడన్న "లే, పక్షీ" యను మాటయే కారణమని పెద్దలు చెప్పుదురు.

మన రైతుల యిండ్లలోను ఈ ధర్మము బ్రతికియున్నది. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి పూజించుచున్నాము. మా పుట్టినింట ముసలి యెద్దు చనిపోయిననాడు మా నాయనమ్మ దాని నొసట పసుపు కుంకుమ పెట్టెను. తాతగారు దానిని తాము దున్నించిన చేని గట్టునే పూడ్పించి, ఆ పూట అన్నము ముట్టలేదు. మేము చిన్నపిల్లలము. ఎవరును మాకు నీతులు చెప్పలేదు. ఆ మౌనమే మాకు పాఠమైనది.

నేడు ప్రతియింట ఫోనున్నది. ప్రతి ఫోనులోను ఫొటో తీయు సాధనమున్నది. రోడ్డుమీద కుక్క చచ్చిపడియున్నను, పెరటిలో పిచ్చుక రాలియున్నను, పిల్లవాడు దానిని కఱ్ఱతో పొడిచి, నవ్వుచు, చిత్రము తీసి స్నేహితులకు పంపుట వింత కాదు. ఆ క్షణమున తల్లి చూచి యూరకున్నచో, పెద్దవాడైన పిమ్మట యే సంస్థ విధించు శిక్షయు వానికా మర్యాద నేర్పజాలదు. కేకలు వేయ నక్కఱలేదు. "పాపము, నాయనా, దానికిని ప్రాణ ముండెనుగదా! రా, ఇద్దఱము కలిసి మట్టి కప్పుదము" అని వాని చేయి పట్టుకొని పెరటిలోనికి నడచినచో చాలును. ఆ నాలుగు పిడికిళ్ల మట్టి వాని నెప్పటికిని విడువదు.