నల్లరేగడి సీమలో పంచాయతి యెన్నికల దినము

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి, మిరప పండు గ్రామములకు సంక్రాంతియు, శ్రీరామనవమియు, గ్రామదేవత కొలుపులును ఊరివారి నెల్ల ఒకచోటికి చేర్చు సందర్భములు. తిథితో నిమిత్తము లేక కొన్నియేండ్ల కొకమాఱు వచ్చు మఱియొక సందర్భము పంచాయతి యెన్నికల దినము. రాజనీతిశాస్త్రజ్ఞులు దీనిని వోట్ల లెక్కగా పరిశీలింతురు. జానపద విజ్ఞానమును, మాండలికములను పరిశోధించువారును దీనిని గమనింపవలెనని మా యభిప్రాయము. శాసనసభకు నిలుచు నభ్యర్థి పెక్కుమందికి దూరపువాడు. పంచాయతి యభ్యర్థి పొరుగు చేనివాడు, తఱచుగా చుట్టము. వోటడుగ వచ్చినవానిని బాబాయి యనియో, బావ యనియో పిలుచుచునే కాదనవలసి వచ్చును. ఆ కష్టమే యీ దినమునకు గల ప్రత్యేకత.

ముందుగా మాటలను చూతము. చట్టమునందు పంచాయతి పెద్ద పేరు సర్పంచి. కాని యీ సీమలో పెద్దలు నేటికిని 'ప్రెసిడెంటు గారు' అనుట వినవచ్చును. అది 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతుల చట్టము విడిచిపోయిన మాట. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము సర్పంచి యను మాటను స్థిరపఱచినను పాతమాట పోలేదు. మునసబు, కరణముల పదవులు 1984లో రద్దయినవి. 'మునసబుగారి యిల్లు' అని యిండ్లకు గుర్తులుగా మాత్రము ఆ మాటలు మిగిలియున్నవి. 'ఏకగ్రీవము' మఱింత విచిత్రమైనది. గ్రీవ మనగా మెడ. అందఱు నొకే కంఠముగా పలుకుట యని యర్థము చెప్పుకొనవలెను. దీనిని గూర్చి ముందు చెప్పెదము.

ఎన్నికలు ఏ ఋతువున వచ్చునను విషయము చిన్నది కాదు. 2013లో జులై 23, 27, 31 తేదీలలో మూడు విడతలుగా జరిగినవి. అది పదను చూచుకొని పత్తిగింజ నాటు కాలము. 2021లో ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతలుగా జరిగినవి. అది మిరపకోతల కాలము. పండిన కాయను చెట్టున ఎక్కువ దినము లుంచరాదు, కల్లములో నెండుచున్న కాయను విడిచి కదలరాదు. ఆ యేడు పోలింగు ఉదయము 6.30 గంటలకే మొదలగుట కూలికి పోవువారి కనుకూలించినది.

ఈ కోతలకే కర్నూలు పడమటి గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములు వలసవచ్చి, చేలగట్ల మీద పరదాల గుడిసెలలో నుండును. నెలల తరబడి ఆ గ్రామపు నీరు త్రాగి, ఆ గ్రామపు పంటను కోసినను ఆ దినమున వారి కచ్చట పేరు లేదు. వారి వోటు స్వగ్రామమున. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, పేరును మాత్రము ఊరి జాబితాలో నిలుపుకొన్నవాడు రాత్రి బస్సున వచ్చి వోటువేసి పోవును. ఊరివా డనగా నెవడను ప్రశ్నకు జాబితా చెప్పు సమాధానమును, పొలము చెప్పు సమాధానమును ఒకటి కావు.

పోలింగు సాధారణముగా ఊరి బడిలో జరుగును. పార్టీ గుర్తులు పంచాయతి యెన్నికలలో నుండవు. ఎన్నికల సంఘ మిచ్చిన ఉంగరము, కత్తెర వంటి గుర్తులే. ఐనను ఏ గుర్తు వెనుక ఏ పార్టీ గలదో పసివానికిని తెలియును. ఆ కొలది దినములు ఊరు 'కత్తెర వారు', 'ఉంగరము వారు' అని విడిపోవును. ఏజెంట్లు జాబితాలోని సంఖ్యను కాక, ఇంటిపేరును వరుసను బట్టి మనుష్యులను గుర్తింతురు. వృద్ధులను ఆటోలలో తెచ్చుటకు రెండు పక్షములును పోటీపడును. 2021లో మధ్యాహ్నము 3.30కి పోలింగు ముగిసి, 4 గంటలకు ఆ బడిలోనే లెక్కింపు మొదలైనది. ఓడినవాడును గెలిచినవాడును ఆ రాత్రి ఒకే వీధిన నడిచి యిల్లు చేరవలెను. రెండుమూడు వోట్ల తేడాతో ఫలితము వచ్చినచో, ఆ వోట్లు ఏ యింటివో యను చర్చ మఱుసటి యెన్నికల వఱకు సాగును. వోట్లు సమమైనచో చీటి తీయుట చట్టసమ్మతము.

ఇక ఏకగ్రీవము. 2021 నాటి యెన్నికలలో పోటీలేక సర్పంచిని ఎన్నుకొన్న గ్రామములకు జనాభాను బట్టి రూ. 5 లక్షలనుండి 20 లక్షల వఱకు ప్రోత్సాహకము ప్రకటింపబడినది. కక్షలు పెరుగకుండుట మేలే. పల్నాటి సీమ నెఱిగినవా రెవ్వరును దీనిని కాదనరు. కాని పదవిని వేలము వేసి, ఆ ధనమును గుడికి జమకట్టు ఒప్పందములును రాష్ట్రమున వార్తల కెక్కినవి. కారంచేడు (1985), చుండూరు (1991) దారుణములు జరిగిన నేల యిది. పల్లెనుండి వచ్చిన కూలిస్త్రీయు, ఊరి మోతుబరియు ఒకే వరుసలో నిలిచి, ఒకే ముద్రను చేతబట్టు దినము లెన్ని కలవు? గుడి మండపమున నలుగురు కూర్చుండి ఒప్పందము చేసికొన్నచో ఆ వరుసయే యుండదు. అప్పుడు పలికిన కంఠ మెవరిదో పరిశీలింపక ఏకగ్రీవమును మెచ్చుకొనుట తగదని మా తలంపు.

2011 నాటి సవరణముచే స్థానిక పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినది; 2013 యెన్నికలు ఆ ప్రకారమే జరిగినవి. గెలిచినది భార్యయైనను 'ప్రెసిడెంటు గారు' అను పిలుపు భర్తకే దక్కుచున్న గ్రామములు గలవు. ఆమెనే యా పేరుతో పిలుచు గ్రామము లేవి, 'ప్రెసిడెంటు గారి భార్య' యని చెప్పు గ్రామము లేవి యని పరిశోధక విద్యార్థులు ఊరూర తిరిగి, ఆయా పిలుపులను పిలిచినవారి వయస్సు, కులము, వీధి వివరములతో సహా వ్రాసికొని రాదగును.