నేల తక్కువ, నీరు ఎక్కువ

కడపజిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరమునాటి సంస్కృతశాసన మొకటి గలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు దినమునకు వేయిమంది కూలీలను, నూరు బండ్లను నియోగించి, రెండేండ్లలో కట్టించిన చెరువు వృత్తాంత మందున్నది. చెరువునకు ఉండదగిన పండ్రెండు అంగములతోపాటు, ఉండగూడని ఆరు దోషములనుగూడ అది లెక్కించినది. అందొకటి: నేల స్వల్పమై నీరు అధికమగుట. వానకై ఆకాశమువంక చూచు సీమలో నీరెక్కువగుటయు దోషమేనా యని నేటి విద్యార్థి నవ్వుకొనవచ్చును. కాని చవుకగా కొన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి, ‘చోటు చాలదు’ అను హెచ్చరికను చూచినవానికి ఆ మాట మరియొక విధముగా బోధపడును.

ఇట్టి చవుక యంత్రములలో లోపలినిల్వ 32 లేక 64 జీబీలే. 32 అని పెట్టెపై అచ్చువేసినది తెరపై 29 చిల్లరగా కనబడును. ఇది మోసము కాదు. తయారుచేయువారు నూరుకోట్ల బైట్లను ఒక జీబీగా కొలుతురు. విండోస్ మానిక అంతకంటె పెద్దది. ఆ ఉన్నదానిలో సింహభాగము విండోస్‌కే పోవును. విండోస్ 10కు కనీసము 32 జీబీ కావలెనని 2019లో నిర్ణయించిరి. 2021లో వెలువడిన విండోస్ 11కు 64 కావలెను. 2025 అక్టోబరులో విండోస్ 10కు సాధారణమద్దతు ముగియుటతో చిన్నయంత్రములవారు నడుమ చిక్కుకొనిరి. పెక్కింటిలో నిల్వ చిప్‌ను పలకకే టంకమువేసి అతికింతురు గనుక, దానిని తీసి పెద్దది వేయుటకు వీలులేదు.

కట్ట పెంచరానప్పుడు పూడిక తీయవలసినదే. శ్రీశైల జలాశయము తొలుత 308 టీఎంసీలు పట్టెడిది. ఒండ్రు చేరిచేరి నేడు సుమారు 215 మాత్రమే పట్టుచున్నది. ల్యాప్‌టాప్‌లోని ఒండ్రు డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో, తాత్కాలికపు ఫైళ్ళలో పేరుకొనును. బిన్‌లో వేసినంతమాత్రాన చోటు రాదు. దానిని ఖాళీ చేయవలెను. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పుట ఏది ఎంత ఆక్రమించెనో చూపును. విండోస్ ఫోల్డరులో మాత్రము చేతికి దొరికినదెల్ల చెరుపరాదు. అది పూడిక కాదు, తూము.

అసలు బరువు అక్షరములది కాదు. తెలుగు అక్షరములోని ఒక్కొక్క సంకేతము సాధారణముగా మూడు బైట్లు. పుటకు పదునైదువందల సంకేతములనుకొన్నను, మూడువందల పుటల నోట్సు సుమారు పదమూడున్నర లక్షల బైట్లు. ఒక ఎంబీకి కొంచె మెక్కువ. నల్లబల్లకు ఫోనుతో తీసిన ఒక్క ఫొటో తరచుగా అంతకుమించును. ఉపాధ్యాయుడు పాఠమును ఫొటోలుగాగాక టైపుచేసి పంపినచో ఎందరి యంత్రములో తేలికపడును! పరీక్షలముందు చోటుకై తొందరపడు విద్యార్థి ఫొటోల నుంచుకొని తన ప్రాజెక్టునే చెరుపుకొనుట కలదు.

మెమరీ కార్డు మంచి ఉపాయమే. వీడియోలు, ఫొటోలు దానికి తరలింపవచ్చును. అయితే తరలించుట వేరు, నకలుంచుట వేరు. కార్డు పోయినచో అందులోనిదియు పోవును. స్వయముగా వ్రాసినది రెండుచోట్ల నుండవలెను: ఒకటి కార్డులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో బడి కంప్యూటరులోనో. నకలు తెరచి, చివరిపుట కనబడినదని చూచుకొన్నపిదపనే లోపలిది చెరుపవలెను.