పావగడ పిన్‌కోడ్‌లో దొంగ

పావగడ నుంచి ఒక పాఠకుడు కార్డు రాశారు: "మా పిన్‌కోడ్ 561202. ఇందులో లెక్కల విశేషం ఏమైనా ఉందా?" శనీశ్వరుడి గుడి ఉన్న ఊరు కదా, అంకెలు కూడితే శని అంకె 8 వస్తుందేమోనని చూశాను. 16 వచ్చింది, మళ్లీ కూడితే 7. జాతకాలవాళ్లకు పనికిరాదు.

విడగొడితే 2 × 277 × 1013. మూడూ ప్రధాన సంఖ్యలే. బాగుంది, అంతే. అసలు సరుకు మొదటి మూడంకెల్లో ఉంది. జిల్లా కేంద్రం తుమకూరు పిన్ 572తో మొదలవుతుంది. పావగడది మాత్రం దొడ్డబళ్లాపురంలాగా 561. తపాలా శాఖ తెలియకుండానే ఈ తెలుగు తాలూకాకు గణితంలో పేరుమోసిన దొంగను అంటగట్టింది.

1640లో గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్యల గురించి ఒక సంగతి చెప్పాడు. దాన్ని పూలతో చూద్దాం. మల్లె, కనకాంబరం రెండే రకాల పూలతో ఏడు పూల వరసలు కట్టండి. 2⁷ అంటే 128 వస్తాయి. అన్నీ మల్లెలే ఉన్నదీ, అన్నీ కనకాంబరాలే ఉన్నదీ పక్కన పెడితే 126. వాటిలో ఏదైనా ఒకటి తీసి, కొసలు ముడేసి, పువ్వు చొప్పున తిప్పుతూ పోతే సరిగ్గా ఏడు వేర్వేరు వరసలు వస్తాయి. 7 ప్రధాన సంఖ్య గనక ఏడో తిప్పుకు ముందు మొదటి వరస తిరిగి రాదు. అందుకే 126లో 7 నిశ్శేషంగా పోతుంది. ఏ ప్రధాన సంఖ్యకైనా, ఎన్ని రకాల పూలకైనా ఇంతే. ఇంతకంటే ముచ్చటైన నిరూపణ నేను చూడలేదు.

మరి ఇలా నిశ్శేషంగా పోవాలనే పరీక్ష నెగ్గిందల్లా ప్రధాన సంఖ్యేనా? రెండు రకాల పూలతో చూస్తే చాలనుకున్నవాళ్లున్నారు. 1819లో సారూస్ 341ని చూపించి ఆ భ్రమ పోగొట్టాడు; అది 11 × 31. కానీ మూడు రకాల పూలు పెడితే 341 దొరికిపోతుంది. 561 ఎన్ని పెట్టినా దొరకదు.

ఎందుకంటే 561 = 3 × 11 × 17. 2² = 4, అందులో 3 పోగా 1. 2¹⁰ = 1024, అది 11 × 93 పైన ఒకటి. 2¹⁶ = 65536, అది 17 × 3855 పైన ఒకటి. ఇప్పుడు 560ని చూడండి: 2, 10, 16 మూడూ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి! అందుకే 2⁵⁶⁰ని మూడింట్లో దేనితో భాగించినా 1 మిగులుతుంది, 561తో భాగించినా అంతే. అంటే 2⁵⁶¹లోంచి 2 తీసేస్తే 561 నిశ్శేషంగా పోతుంది. 2 బదులు 5 పెట్టండి, 7 పెట్టండి, అదే కథ.

ఈ కిటుకును 1899లో కోర్సెల్ట్ కనిపెట్టి, ఒక్క ఉదాహరణా ఇవ్వకుండా వదిలేశాడు. 1910లో కార్మైకేల్ 561ని చూపించి పేరు కొట్టేశాడు. షిమెర్కా అనే చెక్ దేశస్థుడు 1885లోనే ఇలాంటివి ఏడు అచ్చు వేయించాడు, పట్టించుకున్నవాడు లేడు. అందులో మూడోది మన రామానుజన్ టాక్సీ నంబరు 1729.

దొంగ దొరికే దారి ఒకటుంది. 560లో పావు వంతు 140. 2¹⁴⁰ని 561తో భాగిస్తే 67 మిగులుతుంది. 67 × 67 = 4489, అంటే 561 × 8 పైన ఒకటి. నిజమైన ప్రధాన సంఖ్యకైతే వర్గం చేస్తే 1 మిగిల్చే శేషాలు రెండే: 1, లేదా ఆ సంఖ్యకు ఒకటి తక్కువ. 67 ఎక్కడిది? దానికి అటూ ఇటూ ఉన్న 66, 68లను చూడండి: 66లో 33, 68లో 17 దాక్కున్నాయి. 33 × 17 = 561.

బ్యాంకుల రహస్య సంకేతాలకు పెద్ద ప్రధాన సంఖ్యలు ఏరడానికి ఈ మెలికే వాడతారట. వాడుకోనీండి, పూలదండ అందం దానివల్ల పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు.

దొడ్డబళ్లాపురం పాఠకులు కార్డు రాయనక్కర్లేదు. మీ 561203ని కూడా చూశాను: 19 × 29537.